ఎరుపేదో, ఆకుపచ్చేదో

మొన్న ఆదివారం మా మనవడు, అంటే మా చిన్నమ్మాయి కొడుకు, వాకిట్లో తన మోటార్ సైకిల్ సీటు ఊడదీసి, పార్సిల్లో తెప్పించుకున్న నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి దానికి బిగిస్తూ కూర్చున్నాడు. బ్యాటరీ నుంచి ఒక్క లావుపాటి తీగ ఆ పెట్టెలోకి వస్తుందట, అక్కడి నుంచి ముందు పెట్టుకున్న జోడు లైట్లకు ఒకటి, ఫోను చార్జరుకు ఒకటి, పెద్ద హారనుకు ఒకటి, ఇలా దేనికి దానికి వేరే తీగ, వేరే ఫ్యూజు అట. నేను పక్కనే కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, వాడు రెండు తీగలు పైకెత్తి పట్టుకుని, "అమ్మమ్మా, ఇండ్ల ఎర్రదేదో జర చెప్పవా, నాకు రెండూ ఒక్కతీరే కనబడ్తయి. తాత నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చిందంట, కండ్ల డాక్టర్ చెప్పిండు" అని, గేటు దగ్గర నిలబడ్డ స్నేహితులకు వినబడేంత గట్టిగా అన్నాడు. వాళ్ళు నవ్వారు, వీడూ నవ్వాడు, అంతటితో ఆ ముచ్చట అయిపోయి ఇంకేదో క్రికెట్ సంగతిలో పడ్డారు. నేను మాత్రం తీగ చూపించి, చిక్కుడుకాయల చేట అక్కడే వదిలేసి లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఆ ఒక్క మాట గడప దాటకుండా మా ఆయనా నేనూ ఎంత కాలం కాపలా కాశామో ఆ పిల్లవాడికేం తెలుసు!

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎనభైల్లో సూర్యాపేటలో మోటార్ సైకిల్ ఉన్నవాడంటే ఊళ్ళో ఒక లెక్క, ఆ బండికి అదనంగా ఏవేవి తగిలించాడన్నది మరో లెక్క. వరి కోతలు అయి నాలుగు రాళ్ళు చేతిలో ఆడితే చాలు, బండికి జోడు లైట్లు, పాట పాడే హారను, మలుపు తిరిగినప్పుడల్లా పిచ్చుకలా కిచకిచలాడే బజరు, నంబరు పలక చుట్టూ రంగు రంగుల చిన్న బల్బులు, పెళ్ళిపందిరికి ఏ మాత్రం తీసిపోకుండా అలంకరించుకునేవారు. వాటన్నిటికీ కరెంటు ఎక్కడిదయ్యా అంటే, హారను తీగ ఒకటి కనబడితే దాని పొట్ట చీల్చి, అన్నిటినీ అక్కడే మెలిపెట్టి చుట్టేసేవారు. ఫ్యూజు ఊరికే పోతున్నదని దాని స్థానంలో సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం మడిచి పెట్టే మహానుభావులు కూడా ఉండేవారు. దారి మధ్యలో బండి పొగ గక్కితే దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టేవారు తప్ప ఆ ముడి విప్పి చూసినవాడు లేడు.

మా ఆయన హైవే పక్కన చిన్న రేకుల కొట్టులో బండ్ల కరెంటు పని చేసేవాడు. ఆయన పద్ధతి వేరు. పాత స్విచ్చు బోర్డు నుంచి కోసిన బేకలైటు ముక్క మీద ఇత్తడి పట్టీ ఒకటి బిగించి, దానికి వరసగా మరలు పెట్టి, బ్యాటరీ నుంచి తీగను ఆ పట్టీకి తెచ్చి, ఒక్కొక్క మర దగ్గర ఒక్కొక్క ఫ్యూజుతో తీగలు పంచేవాడు. వాన నీళ్ళు పోకుండా దాన్నంతా ప్లాస్టిక్ సబ్బు డబ్బాలో పెట్టి సీటు కింద ఒదిగించేవాడు. మనవడు పార్సిల్లో తెప్పించుకున్నది అచ్చం అదే, కాకపోతే దానికి సబ్బు వాసన రాదు. సబ్బు డబ్బా మెకానిక్ అని ఆయనకు పేరు పడిపోయింది. నేను అంగడికి వెళితే ఇన్ని సబ్బు డబ్బాలు ఎందుకమ్మా, మీ ఇంట్లో స్నానాలు తప్ప వేరే పని లేదా అని వేళాకోళం చేసేవారు. ఆయన కట్టిన బండి మళ్ళీ రిపేరుకు వచ్చేది కాదని మాత్రం అందరూ ఒప్పుకునేవారు.

ఆయన కళ్ళ సంగతి నాకు పెళ్ళయిన మొదటి ఏడే తెలిసింది. మా పుట్టిల్లు మిర్యాలగూడ పక్కన వేములపల్లి. కొత్త అల్లుడిని మా నాన్న పొలం చూపించడానికి తీసుకుపోయి, బావి దగ్గర ఇంటి మట్టుకు వేసుకున్న మిరప మళ్ళో నాలుగు పండు మిరపకాయలు కోసుకురమ్మన్నాడు, పచ్చడి నూరడానికి. ఆయన తువ్వాలు నిండా కోసుకొచ్చాడు, అందులో సగం పచ్చివే. మా వాళ్ళు పడీ పడీ నవ్వారు, పట్నం అల్లుడికి పండు కాయకూ పచ్చి కాయకూ తేడా తెలియదని. ఆయనా కావాలనే చేసినట్టు నవ్వాడు కానీ, మళ్ళీ ఆ మిరప మడి వైపు అడుగు వెయ్యలేదు. సూర్యాపేట వచ్చాక ఒక మధ్యాహ్నం కొట్టుకు అన్నం క్యారియరు పట్టుకుపోతే, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని రెండు తీగలు నా ముందు పెట్టి, "గీ రెండిట్ల ఎర్రది ఏదే?" అని నెమ్మదిగా అడిగాడు.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. పెళ్ళికి ముందు ఒక్క మాట చెప్పలేదని, చూపు లేనివాడికి నన్ను కట్టబెట్టారని, ఆ పూటంతా నోటికి వచ్చినట్టు అన్నాను. ఆయన అన్నీ బాగానే కనబడతాయనీ, ఆ రెండు రంగులు మాత్రం చింతపండు రంగులో ఒక్కలాగే ఉంటాయనీ, తల్లికి తప్ప ఎవరికీ తెలియదనీ చెప్పాడు. మా అత్త చిన్నప్పుడే ఆయన చేత ఒట్టు వేయించుకుందట, "రంగులు తెల్వనోని కాడికి బండి ఎవడు తెస్తడు బిడ్డా, సచ్చేదాంక నోరు ఇప్పకు" అని. అది నిజమే కదా అని నాకూ అనిపించింది. ఆ రోజు నుంచి ఆ ఒట్టు నాదీ అయింది.

రంగుకు బదులు ఆయన ముళ్ళు నమ్ముకున్నాడు. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే తీగ కొసకు ఒక ముడి వేసేవాడు, పెట్టెలోంచి బయటికి వచ్చేదానికి రెండు ముళ్ళు, చేతితో తడిమితే చాలు. కొట్టుకు నల్ల తీగ, తెల్ల తీగ, పసుపు, నీలం కొనేవాడు గానీ ఎరుపు, ఆకుపచ్చ గడప తొక్కనిచ్చేవాడు కాదు. దానికి జనం చెప్పుకున్న కారణం వింటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎర్ర తీగ బండికి అచ్చిరాదని ఆయనకు ఎవరో స్వామి చెప్పాడట! ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి, ఆత్మకూరు నుంచి వచ్చే గొర్ల కాపరులు కూడా, పక్క కొట్టుకు పోయినా సరే, మా బండికి ఎర్ర తీగ వెయ్యొద్దని గట్టిగా చెప్పి వేయించుకునేవారు. ఆయన కాదనలేదు, ఔననలేదు. దేవుడు ఇచ్చిన ముసుగు, ఎందుకు తీయడం అనుకున్నాం.

అయితే కొన్నేళ్ళకు కొత్త రకం తేలిక బండ్లు రావడం మొదలైంది. వాటిలో తీగలు కంపెనీ నుంచే రకరకాల రంగుల్లో వచ్చేవి, ఎరుపు, ఆకుపచ్చ లేకుండా ఒక్కటీ లేదు. ఆయనకు నిద్ర పట్టేది కాదు. నేను రోజూ క్యారియరు వంకతో మధ్యాహ్నం కొట్టుకు పోయి, ఆయన తింటున్నంతసేపూ బండి పక్కన కూర్చుని, ఎర్ర తీగలకు తెల్ల దారం కట్టి వచ్చేదాన్ని. మొగుడు అన్నం తింటుంటే కూడా కళ్ళ ముందు నుంచి కదలదని చుట్టుపక్కల కొట్ల వాళ్ళు నన్ను ఎగతాళి చేసేవారు. చేసుకోనీ అనుకునేదాన్ని.

రెండో కాన్పుకు నన్ను వేములపల్లి తీసుకుపోయినప్పుడు నా భయమంతా కొట్టు గురించే. నేను వచ్చేదాకా కొత్త బండ్లు ముట్టుకోవద్దని ఆయన చేత మాట తీసుకున్నాను. ఆయన మాట మీద నిలబడే మనిషే. కానీ వచ్చినవాడు మా అన్న అయితే ఏం చేస్తాడు! అన్నకు కోదాడలో పశువుల దవాఖానాలో ఉద్యోగం. పిల్లనిచ్చిన వాళ్ళదీ కోదాడే కావడంతో అక్కడే స్థిరపడ్డాడు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం కదా, కొత్త బండి కొన్నాడు, విజయవాడ నుంచి జోడు లైట్లు, పెద్ద హారను, వాటికి కావలసిన తీగలతో సహా తెచ్చుకున్నాడు. బావ ఉండగా ఇంకొకడి చేతిలో బండి పెడతానా అని కోదాడ నుంచి సూర్యాపేట దాకా వచ్చాడు. భార్య తోడబుట్టినవాడికి పని చెయ్యనని ఏ మొహంతో అంటాడు, ఏ కారణం చెబుతాడు? కాదంటే అభిమానానికి దెబ్బ, చెబితే పరువుకు దెబ్బ. ఆయన బండి సీటు విప్పాడు.

తరువాతి సంగతి ఆయన నోటి వెంట విన్నదే. హారను ఒక్క క్షణం మోగి ఊరుకుంటుంది కనుక దానికి బ్యాటరీ నుంచి నేరుగా ఒక తీగ ఇచ్చేవారు ఆ రోజుల్లో. లైట్లు గంటల తరబడి వెలుగుతాయి కనుక వాటికి తప్పకుండా పెట్టెలోంచి, ఫ్యూజు దాటి రావాలి. అన్న తెచ్చిన తీగల్లో నేరుగా హారనుకు పోవలసినదానికి ఎరుపు, పెట్టెలోంచి లైట్లకు పోవలసినదానికి ఆకుపచ్చ పడ్డాయి. ఆయన అలవాటు ప్రకారం ముళ్ళు వేసి, హ్యాండిలు దాకా లాగి పెట్టి, ఇంటి అల్లుడి మర్యాద కదా, బావకు చాయ్ తీసుకురావడానికి స్వయంగా హోటలుకు వెళ్ళాడు. మా అన్నది శుభ్రం పిచ్చి. కొత్త తీగలకు ఈ అడ్డదిడ్డం ముళ్ళేమిటని ఊరికే కూర్చోలేక వాటిని విప్పి, తీగలు చక్కగా సాపు చేసి పెట్టాడు. ఆయన తిరిగివచ్చి చూసేసరికి ముళ్ళు లేవు. నువ్వెందుకు విప్పావని అడిగితే ఎందుకు వేశావో చెప్పాలి. అన్న ఎదురుగా నిలబడి చాయ్ తాగుతున్నాడు. ఆయన ఒక తీగ పట్టుకుని లైట్లకు కలిపాడు, రెండోది హారనుకు కలిపాడు. మీట నొక్కితే లైట్లు వెలిగాయి, హారను మోగింది. తీగ తారుమారైనా రెండూ పనిచేస్తాయి, అదే దాంట్లో ఉన్న మోసం.

నాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టింది రోహిణి నక్షత్రంలో అని పంతులు చెప్పగానే మా అమ్మ మొహం పాలిపోయింది. రోహిణిలో పుట్టిన బిడ్డ మేనమామకు గండం అంటారు కదా. దానికి విరుగుడుగా మేనమామ బిడ్డను నేరుగా చూడకుండా, ముందు నూనె గిన్నెలో నీడ చూడాలన్నారు. దానికి రోజు పెట్టి అన్నకు కబురు చేశారు. అన్న ఆ పని మీదే కోదాడ నుంచి బయలుదేరాడు. మబ్బు పట్టిన సాయంత్రం, దారి సరిగా కనబడక జోడు లైట్లు వేసుకున్నాడట. హ్యాండిలు తిరిగిన చోట తీగ తోలు ఒరుసుకుపోయి ఇనుముకు తగిలింది. అడ్డుకోవడానికి ఫ్యూజు లేదు. తీగ పొయ్యిలా కాగి, పెట్రోలు గొట్టం అంటుకుని, బండి ఆగేలోపే అన్న కుడి కాలు మోకాలి దాకా కాలిపోయింది. మిర్యాలగూడ చేరేముందు రైస్ మిల్లు హమాలీలు గోనెసంచులు తడిపి కప్పి, అన్నను దవాఖానాలో వేశారట.

నూనె గిన్నె సిద్ధం చేసుకుని కూర్చున్న ఇంటికి ఆ వార్త వచ్చింది. ఇంకేముంది, ఎవరికీ సందేహం లేకపోయింది. నన్ను కన్న మా అమ్మే పొత్తిళ్ళలో ఉన్న పిల్లను చూసి, "పుడుతనే మేనమామను తినవడ్డదే" అన్నది. అన్నను దవాఖానా నుంచి మా పుట్టింటికే తెచ్చాక, నొప్పితో మూలుగుతున్న అతని గదిలోకి పిల్ల ఏడుపు వినబడకూడదని మమ్మల్ని పశువుల కొట్టం పక్క గదిలోకి మార్చారు. మా వదిన నా గదిలోకి తొంగి చూడలేదు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు పిల్లను చూడటానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి గుసగుసలాడి వెళ్ళిపోయేవారు. ఈ పేరు ఒకసారి పడితే దాని పెళ్ళిదాకా పోదు, శుభకార్యానికి ఎవరూ పిలవరు. పాలు తాగుతున్న ఆ మొహం చూస్తూ రాత్రుళ్ళు ఏడ్చేదాన్ని.

కబురు ఆలస్యంగా అంది మా ఆయన వచ్చాడు. ముందు అన్న దగ్గరికి పోయి కాలు చూశాడు, తరువాత నా దగ్గరికి వచ్చి పిల్లను చూశాడు, ఇంట్లో ఏమనుకుంటున్నారో విన్నాడు. పెరట్లో పడేసిన కాలిన బండి దగ్గరికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. సీటు కింద సబ్బు డబ్బా సగం కరిగి ఉంది గానీ లోపలి ఫ్యూజులు ఒక్కటీ పోలేదు. అది చూసి ఆయన పక్కనే కూర్చున్నాడు, కాలిన తీగ పెట్టెలోంచి వచ్చిందైతే ఫ్యూజు పోవాలి కదా. లైట్లకు పోయిన తీగ తోలు సీటు కింద జానెడు మేర కాలకుండా మిగిలింది. దాన్ని వేళ్ళతో పైకెత్తి, "ఇది ఏ రంగే?" అన్నాడు. ఆకుపచ్చ అని ఉంటే సరిపోయేది, లైట్లకు సరైన తీగే కట్టాననుకునేవాడు. ఆ మాట నా నాలుక కొస దాకా వచ్చింది కూడా. లోపల పిల్ల ఏడుస్తున్నది. ఎర్రది అన్నాను.

ఆయన అప్పుడే నాకు ముళ్ళ సంగతి, చాయ్ సంగతి చెప్పాడు. చెప్పి, "బావకు మాత్రం తెల్వనియ్యకు. ముళ్ళు ఇప్పితే తప్పెట్లయితది, ఆయనకేం ఎరుక? కాలు వోయినోనికి ఇది గూడ ఎందుకు" అన్నాడు. లేచి చేతులు కడుక్కుని, అన్న మంచం ఉన్న గదిలోకి పోయాడు. అక్కడ మా అమ్మ ఉంది, వదిన ఉంది, అన్నను చూడవచ్చిన చుట్టాలు ఉన్నారు. అందరూ పోయేదాకా ఆగుతాడేమో అనుకున్నాను. ఆగలేదు.

"అత్తా, పిల్లను ఏమనకుండ్రి. రోహిణి లేదు, ఏం లేదు. నాకు ఎరుపు, పచ్చ ఒక్కతీరే కనబడ్తయి, పుట్టినప్పటిసంది గంతే. బావ బండికి తీగ మార్చి కట్టిన. తప్పు నాది" అన్నాడు.

ముందుగా తేరుకున్నది మా వదినే. "తెలిసి తెలిసి మా ఇంటి మనిషిని నిప్పుల్లో పెట్టారు గదండీ" అని గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చింది. ఆమెను నేను ఏనాడూ తప్పుపట్టలేదు, ఆ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు, కోపమో బాధో తెలియలేదు. కాసేపటికి అటు తిరిగే, "అమ్మా, పిల్లను గిట్ల తీస్కరా" అన్నాడు. మా అమ్మ అలవాటుగా నూనె గిన్నె కోసం లేచింది. "నూనె గీనె వద్దే, ఉత్తగ తే" అని కసిరాడు. నేనే తీసుకెళ్ళి పక్కలో పడుకోబెట్టాను. అన్న దాని మొహంలోకి నేరుగా చూశాడు. అంతటితో నా బిడ్డ మీది మచ్చ పోయింది.

ఆ మచ్చ ఎవరి మీదికి పోయిందో చెప్పనక్కర్లేదు. చుట్టాల నోటి నుంచి మిర్యాలగూడ, అక్కడి నుంచి కోదాడ, మేము సూర్యాపేట తిరిగి చేరేసరికి మాకంటే ముందే మాట చేరింది. గుడ్డి మెకానిక్ అన్నారు. ఆయన కట్టిన పెట్టెలు ఏళ్ళ తరబడి ఏ లోపమూ లేకుండా పనిచేస్తున్న వాళ్ళు కూడా వాటిని పీకి పారేయించుకున్నారు. కొన్నాళ్ళు ఉత్త కొట్టులో కూర్చుని, చివరికి మూసేసి మిర్యాలగూడ రైస్ మిల్లులో కాటా పనికి కుదిరాడు, కాపురం అక్కడికి మార్చాం. ఊక బూడిద కళ్ళలో పడుతున్నదని కళ్ళు నులుముకుంటూ ఇంటికొచ్చిన ఒక రోజు ఉండబట్టలేక అడిగాను, అంతమంది ముందు చెప్పకపోతే ఏం పోయేదని. "కొట్టుదేముందే, ఇంకో పని దొరుకుతది. పిల్లకు పుట్టిన గడియ మళ్ల యాడికెల్లి తెస్తం?" అన్నాడు. అన్నను కుంటికాలుతోనే ఉద్యోగంలో ఉండనిచ్చారు. మా ఇంటికి రాకపోకలు మానలేదు, మా చిన్నదాన్ని ఎత్తుకుని తిరిగేవాడు. కానీ ఆ రోజు సంగతి బావలిద్దరూ మళ్ళీ ఎత్తలేదు. ముళ్ళ మాట అన్నకు తెలియకుండానే కిందటేడు కన్నుమూశాడు, కనుకనే ఇప్పుడు రాయగలుగుతున్నాను. మా ఆయన పోయి అప్పటికే చాలా కాలమైంది.

కాలం మారింది, మంచికే మారింది, కాదనను. పార్సిల్ పెట్టెలో ప్రతి తీగ కొసకూ అంకెలు వేసి ఉంటున్నాయి, కళ్ళ డాక్టరు ఆ లోపానికి ఒక పేరు చెబుతున్నాడు, ఎండవేళ గేటు దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళకు అది రెండు నిమిషాల నవ్వులాట. నాకు సంతోషంగానే ఉంది, మండిపోతూనూ ఉంది, ఇంత చిన్న మాటకా ఆయన జీవితమంతా చెల్లించింది అని. నా మనవడు నవ్వుతూ అన్న ఆ మాటనే ఆయన తల వంచుకుని అన్నాడు. ఆ తరువాత దారిలో ఎవరి బండైనా ఆగిపోయి కనబడితే, చేతులు జేబుల్లో పెట్టుకుని, అటు చూడకుండా నడిచి వచ్చేసేవాడు.